లెక్కకు ఒకరు ఎక్కువ

కొత్తగుట్ట జిల్లా ఆసుపత్రిలో ఆ సోమవారం పొద్దున పదకొండు గంటలకు మొత్తం నాలుగు వందల పదకొండు మంది ఉన్నారు. ఇది వాచ్‌మన్ ఓదెలు చెప్పిన లెక్క. గేట్లు రెండూ మూయించి, ఆరుగురు అటెండర్లను వెంటేసుకుని, మంచం మంచానికీ తిరిగి, బాత్రూము తలుపులు కూడా తట్టి మరీ లెక్కపెట్టాడు. ఊయల్లో పసిపిల్లల్ని, ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న మనిషిని, వెనక గోడ దగ్గర బీడీ కాల్చుకుంటున్న ఇద్దర్నీ కూడా వదల్లేదు.

కెజియా తయారుచేసిన యంత్రం నాలుగు వందల పన్నెండు అంది.

"మూడుసార్లు లెక్కవెట్టిన మేడం," అన్నాడు ఓదెలు మెడ తుడుచుకుంటూ. "మూడోసారి నన్ను నేనే మర్చిపోయిన్నా అని గూడ సూసుకున్న. నేను కలిస్తెనే నాలుగొందల పదకొండు."

ఇంకో రోజైతే కెజియా నవ్వేదే. గురువారం హైదరాబాదు నుంచి ఆరోగ్యశాఖ అదనపు కార్యదర్శి సత్యవ్రత్ గారు వస్తున్నారు. యంత్రం లెక్కా మనుషుల లెక్కా అణువంత తేడా లేకుండా కలిస్తే రాష్ట్రంలోని ప్రభుత్వాసుపత్రులన్నిటిలో దీన్ని పెడతారు. కలవకపోతే ఆరేళ్ళ పని అటకెక్కినట్టే. ముప్పై ఎనిమిది వేల వస్తువులు, సూది మొదలుకుని రక్తం సంచి దాకా, దేనికది ఉన్నచోట ఉన్నట్టు చెప్పిన యంత్రం మనుషుల దగ్గరికొచ్చేసరికి ఒకర్ని ఎక్కువ చూపిస్తోంది. ఒక్కరే. అందుకే మరీ కడుపు మండిపోతోంది ఆమెకు.

నిజానికి ఈ యంత్రం మనుషుల్ని లెక్కపెట్టడానికి పుట్టింది కాదు. మందుల జాడ చెప్పడానికి పుట్టింది. అందుకే దాని పేరు కూడా జాడ. ప్రతి సీసాకూ, ప్రతి సంచికీ నువ్వుగింజంత చిప్పు అంటిస్తారు. దానికి బ్యాటరీ ఉండదు. రేడియో అల వచ్చి తాకగానే మేలుకుంటుంది, తన నంబరు చెప్పి మళ్ళీ పడుకుంటుంది. అంతవరకు కొత్తేమీ లేదు, పెద్ద దుకాణాల్లో బట్టలకు కూడా అంటిస్తున్నారు. కెజియా చేసిందల్లా ఆ గింజలకు వినడం నేర్పడం. ఒక గింజ పక్క గింజ మాట విని తనకవతల ఉన్నదానికి అందిస్తుంది. నేలమాళిగలో ఫ్రిజ్ అడుగున ఉన్న సీసా మాట కూడా అలా అందుకుంటూ అందుకుంటూ పైకొస్తుంది. జిల్లాలో మందుల షాపుల్లో అమ్మే సీసాలకు కూడా గింజలు అంటించారు కాబట్టి బయటినుంచి వచ్చిన మందు సైతం గేటు దాటగానే తన పేరు చెప్పుకునేది.

పదహారు నెలల కిందట ఒక మధ్యాహ్నం, తెర మీద మిలమిలలాడే ఆ వేల చుక్కల మధ్య ఆమెకు కొన్ని చీకటి మచ్చలు కనిపించాయి. అవి కదులుతున్నాయి. ముందు యంత్రం చెడిపోయిందనుకుంది. తర్వాత ఒక మచ్చ వార్డు దాటి, వరండాలోంచి నడిచి, తన గది ముందుకొచ్చి ఆగింది. తలుపు కొట్టింది. టీ తెచ్చిన ఓదెలు అది.

మనిషిలో ఎక్కువ భాగం ఉప్పునీళ్ళే. రేడియో అల ఉప్పునీళ్ళలో ఇంకిపోతుంది. మనిషి అడ్డొస్తే వెనకున్న గింజల గొంతు సన్నగిల్లుతుంది. అంటే గింజలు మాట్లాడుకునే చోట మనుషులు నీడలుగా తెలుస్తారన్నమాట. ఇదంతా కెజియాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఓదెలు టీ పెట్టి వెళ్ళాక ఆమె తెరను ఇంకా దగ్గరికి తెచ్చుకుని చూసింది. ప్రతి నీడ లోపలా ఏదో అతి సన్నగా అదురుతోంది. నిమిషానికి డెబ్బై, ఎనభై. ప్రసూతి వార్డులో కొన్ని నీడల్లో రెండు అదురుతున్నాయి, ఒకటి నెమ్మదిగా, ఇంకొకటి దానికి రెట్టింపు వేగంతో.

నాలుగు వందల గుండెలు ఒక్కసారిగా, గోడలేవీ అడ్డం లేకుండా, కొట్టుకుంటూ కనిపించాయి. కెజియా కుర్చీలోంచి లేచి నిలబడింది. చర్చిలో ప్రార్థనకు లేచినట్టే లేచిందని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. టీ చల్లారిపోయింది.

ఆ నీడల్ని లెక్కపెట్టడం యంత్రానికి నేర్పింది. నీడ చిక్కదనాన్ని బట్టి బరువు చెప్పడం కూడా నేర్పింది. మనిషి నిద్రపోయినా, గుండె బలహీనపడి సరిగా వినిపించకపోయినా పొరపాటున లెక్కలోంచి తీసెయ్యకుండా ఒక నియమం పెట్టింది. తలుపు దాటి బయటికి వెళ్ళనిదే ఎవర్నీ లేరని అనకూడదు.

ఇప్పుడు ఆ ఎక్కువున్న ఒక్కరెవరో వెతికింది. క్యాజువాల్టీలో ఉంది. బరువు పదిహేడు కిలోలు. అంటే చిన్నపిల్ల. పదహారు నెలల్లో ఒక్కసారి కూడా తలుపు దాటలేదు. పగలంతా ఎవరో ఒకరి ఒళ్ళోనే ఉంటోంది. ఒక నర్సు లేస్తే కాసేపటికి ఇంకో నర్సు ఒళ్ళో. దాని గుండె ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వడివడిగా, ఒక్కోసారి అసలు వినిపించనంత సన్నగా కొట్టుకుంటోంది.

చదువుకున్న మనిషి, యంత్రం చేసిన మనిషి, అయినా కెజియా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

క్యాజువాల్టీ హెడ్ నర్సు కెజియా వాళ్ళమ్మే. సువార్త సిస్టర్ అంటే ఆ చుట్టుపక్కల గూడేల్లో కూడా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరు అవుతుంది. కెజియా ఆసుపత్రి వెనక క్వార్టర్లలోనే పెరిగింది. బడి వదలగానే క్యాజువాల్టీకి వచ్చి, అమ్మ బల్ల పక్కన పెద్ద స్టీలు బియ్యం డబ్బా మీద కూర్చుని ఎక్కాలు రాసేది. డబ్బాలో గుడ్డపీలికలుంటాయని అమ్మ చెప్పింది. మూత మీద దుప్పటి మడతపెట్టి వేసుంటుంది కాబట్టి మెత్తగా ఉండేది.

మంగళవారం పన్నెండింటికి ట్యాబ్ పట్టుకుని వెళ్ళింది. పత్తి చేలల్లో కలుపు తీసే రోజులు. అప్పటికే ఇద్దరు పాము కాటువాళ్ళు మంచాల మీదున్నారు. సువార్త ఆ డబ్బా మీదే కూర్చుని, ఒకామె చెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో కేస్ షీట్ రాస్తోంది.

"అమ్మా, ఈడ చిన్నపిల్ల ఎవలన్న ఉన్నరా?"

"పిల్లల వార్డు అటు దిక్కుంది గదా."

"అట్ల గాదు. రోజూ ఉండే పిల్ల. ఎవలన్న వదిలేసి పోయిన పిల్ల."

సువార్త కళ్ళజోడు పైనుంచి చూసింది. "గట్ల ఎవలన్న ఉంటే నేను ఊకుంటనా? నీ మిషనుకు ఏమన్న పట్టింది గావొచ్చు. తిన్నవా?"

మూడో మంచం దగ్గర్నుంచి ఎవరో పిలిస్తే ఆమె లేచి వెళ్ళింది. కాళ్ళు లాగుతున్నాయని కెజియా అలవాటు కొద్దీ డబ్బా మీద కూలబడింది. ట్యాబ్‌లో తన నీడ కనిపిస్తోంది, దాని ఒళ్ళో పదిహేడు కిలోల పిల్ల.

ఒళ్ళోకి చూసుకుంది. చున్నీ తప్ప ఏమీ లేదు.

పిల్ల గుండె నిమిషానికి తొంభై రెండు. తన గుండె తొంభై రెండు. కెజియా ఊపిరి బిగబట్టింది. రెండూ కలిసే తగ్గాయి. ఊపిరి వదిలింది, రెండూ కలిసే పెరిగాయి. నా ఒళ్ళో ఏదో ఉంది, దానికి నా గుండే కొట్టుకుంటోంది అనుకునేసరికి భయంతో గుండె నూట పది దాటింది. ఒళ్ళో పిల్లకూ నూట పది.

నెమ్మదిగా లేచి మడత దుప్పటి మీద చెయ్యి పెట్టింది. దుప్పటి కింద మూత కొంచెం వదులుగా ఉంది, వేలితో నొక్కితే చిన్నగా కదులుతోంది. కూర్చున్న మనిషి గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ మూత వెంట్రుకవాసి అదురుతుంది. స్టీలు లోపలికి రేడియో అల పోదు, మూత సందులోంచి మాత్రం రవ్వంత దూరుతుంది. ఆ డబ్బాలో ఉన్నది గుడ్డపీలికలు కాదు. ఉప్పునీళ్ళు. సెలైన్ సీసాలు. రేడియో అలకు పదిహేడు కిలోల ఉప్పునీళ్ళ డబ్బాకూ, పదిహేడు కిలోల పిల్లకూ తేడా ఎలా తెలుస్తుంది?

మూత అంచు పట్టుకుంది. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

"తియ్యకు బిడ్డా," అంది సువార్త. "మూడింటికి డ్యూటీ దిగుత. ఇంటికి రా, చెప్త."

మూడయ్యేలోపు కెజియా తన గదిలో ఇంకో పని చేసింది. క్యాజువాల్టీలో మాయమైన సీసాల జాబితా తీసింది. సెలైన్, పాము విషానికి విరుగుడు, ఆగిపోతున్న గుండెను లేపే ఇంజెక్షను, ఫిట్స్‌కు వేసేది. అన్నీ కలిపి అరవై మూడు. పగిలిపోయి ఉంటాయని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఆఖరిసారి ఎక్కడ గొంతు విప్పిందో చూసింది. ఏడో మంచం పక్కన. రెండో మంచం పక్కన. మళ్ళీ ఏడు. ఆ మంచాల మీద ఆ వేళకు ఎవరున్నారో చూసింది. ప్రతి సీసా మాయమవడానికి ముందు గంటలోపే ఆ మంచం మీది నీడలో అదురు ఆగిపోయింది. అరవై మూడు సీసాలకూ అంతే. ఒక్కటి కూడా వేరేగా లేదు.

చచ్చిపోయినవాళ్ళ మందులు ఎత్తుకెళ్తున్నారని యంత్రం చెప్తోంది. ఎత్తుకెళ్తున్నది తన అమ్మ.

క్వార్టర్లో సువార్త చెప్పులు విప్పి, కంచంలో అన్నం పెట్టుకుని, పప్పు పోసుకుని కూర్చుంది. కెజియాకు కూడా పెట్టింది. తినకపోతే చెప్పనంది, చిన్నప్పట్లాగే.

"ఇరవై ఆరేండ్లాయె," అంది. "కుమ్ర లచ్చు అని, గుట్ట మీది గూడెపాయన. బిడ్డెను ఎత్తుకొచ్చిండు. జంగుబాయి పేరు. కట్లపాము. మందు స్టోరుల ఉన్నది, తాళంచెవి ఉన్నాయన జిల్లా మీటింగుకు పోయిండు. గా తండ్రి మంచిర్యాలకు ఉరికిండు. బస్సులు మారి, కొనుక్కొని, తువ్వాలల సుట్టుకొని వచ్చేవరకు నాలుగు గంటలాయె. పది సీసాలు. అప్పటికి నేను ముకం మీదికి బట్ట కప్పిన."

అన్నం కలపడం ఆపింది.

"ఏడుస్తడనుకున్న. ఏడువలే. తువ్వాల ఇప్పి గా సీసాలు నా టేబులు మీద వరుసగ పెట్టిండు. 'మా పిల్లకు అందలే సిస్టరమ్మ, ఇంకెవలకన్న ఎయ్యండి' అని, బిడ్డెను భుజానేసుకొని పోయిండు. స్టోరుల ఇద్దామంటే అవి స్టోరువి గావు. ఇంట్ల బియ్యం డబ్బా ఖాళీగుంటే తెచ్చి దాంట్ల పెట్టిన. వారం తిరగకుండనె గా మందుతోని ఒకామె బతికింది. బతికినామె పెనిమిటి ఇంకో నాలుగు తెచ్చి ఇచ్చిండు. అప్పటిసంది గిట్లనే నడుస్తున్నది. పోయినోల్ల ఇంటోల్లు మిగిలినయి నా చేతుల పెట్టి పోతరు. నెల మొదటి తారీకు డేట్లు జూస్త, దాటినయి పారేస్త. మిగిలినయి ఎవలకు అక్కర పడితే వాళ్ళకు."

"రాసిపెట్టొచ్చు గదమ్మా. రిజిస్టరుల ఎక్కియ్యొచ్చు."

"రాస్తే స్టోరుకు పోతది. స్టోరుకు పోతే మందు అడిగే కాయితం, ఇండెంటు గావాలె, ఇండెంటుకు సంతకం గావాలె. సంతకం అయ్యేదాక విషం ఆగుతదా బిడ్డా?"

కెజియా కంచంలో గీతలు గీస్తూ అడిగింది. "గా పిల్ల ఎంత బరువుండె?"

"ఏమో. బరువు సూసేంత టైము లేకుండె. కేస్ షీటుల బరువు రాసే గడి ఖాళీగనే ఉండిపోయింది. ఎందుకు?"

"ఊకెనే," అంది కెజియా. యంత్రం చెప్పిన పదిహేడు కిలోల సంగతి ఆమె నోటికి రాలేదు.

గురువారం నాటికి ఒక నిర్ణయానికొచ్చింది. ఎక్కువున్న ఒక్కరెవరో చెప్తే యంత్రం గెలుస్తుంది. లెక్కలో లేని మందులు దాచినందుకు అమ్మ ఉద్యోగం పోతుంది, ముప్పై ఒక్క ఏళ్ళ పేరు పోతుంది, డబ్బా పోతుంది. చెప్పకపోతే పోయేది తన ఆరేళ్ళు. తనకింకా వయసుంది కదా అనుకుంది. అనుకున్నంత తేలిగ్గా ఏమీ లేదు, రెండు రాత్రులు కళ్ళు మూతపడలేదు.

మీటింగు హాలులో గోడంత తెర మీద ఆసుపత్రి మొత్తం కనిపిస్తోంది. సత్యవ్రత్ గారు అరగంటసేపు దాన్నే చూశారు. చాలా చూసిన అధికారి, తొందరగా మెచ్చుకునే రకం కాదు. అలాంటి మనిషి ప్రసూతి వార్డులో ఒక జంట నీడ రెండుగా విడిపోవడం చూసి, అదేమిటని అడిగి, ఇప్పుడే పుట్టిన బిడ్డ అని తెలిశాక కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకున్నారు. పక్కన సూపరింటెండెంట్ డాక్టర్ ఖలీల్, వెనక వరసలో వార్డుల ఇన్‌ఛార్జి నర్సులు. వాళ్ళలో సువార్త.

ఓదెలు లెక్క తెచ్చాడు. మూడు వందల తొంభై ఆరు. యంత్రం మూడు వందల తొంభై ఏడు అంది.

"ఈ ఒక్కరెవరమ్మా?" అన్నారు సత్యవ్రత్.

కెజియా నిలబడింది. "యంత్రం పొరపాటు సార్. క్యాజువాల్టీలో లేని పిల్లను ఉన్నట్టు చూపిస్తోంది. కారణం తెలియలేదు."

"లేని మనిషిని చూపించే యంత్రం చెప్పిందని రేపు లేని మందును నమ్మి ఆపరేషన్ మొదలుపెడితే?" ఆయన గొంతులో కోపం లేదు, విచారమే ఉంది. "ఇంత గొప్ప పని. బాధగానే ఉంది. ఈసారికి వద్దు." ఫైలు మూశారు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. సువార్త లేచి బయటికి వెళ్ళింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఓదెలు మోచెయ్యి పట్టుకుని అతన్నీ తీసుకెళ్ళింది. తెరను ఎవరూ ఆపలేదు. అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు.

"అదేమిటి?" అన్నారు డాక్టర్ ఖలీల్.

క్యాజువాల్టీలో పిల్ల కదిలింది. పదహారు నెలల్లో మొదటిసారి. అటొక నీడ, ఇటొక నీడ, మధ్యలో పిల్ల. రెండు చేతులూ పట్టుకుని నడిపిస్తున్నట్టే ఉంది. తలుపు దాటింది. వరండాలో ఎదురొచ్చిన నీడలు పక్కకు తప్పుకుంటున్నాయి. ఎక్స్‌రే గది దాటింది, రక్తనిధి దాటింది. పిల్ల గుండె ఒకసారి కుడివైపు గుండెతో, ఒకసారి ఎడమవైపు గుండెతో కలుస్తోంది. మలుపు దగ్గర ముగ్గురూ ఆగారు, ఊపిరి తీసుకోవడానికి కాబోలు. మళ్ళీ కదిలారు. ఫైలు మూసిన చెయ్యి అలాగే ఉంది. అమ్మ ఏం చేస్తోందో ఆ హాల్లో కెజియా ఒక్కదానికే తెలుసు. పిల్ల మీటింగు హాలు గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. అందరూ తెర మీంచి తలలు తిప్పి తలుపు వైపు చూశారు.

సువార్త, ఓదెలు చెరో చెవి పట్టుకుని బియ్యం డబ్బా మోసుకుంటూ లోపలికొచ్చారు.

డబ్బాను సత్యవ్రత్ గారి ముందు నేలమీద దించి సువార్త నడుము పట్టుకుంది. "నా బిడ్డ మిషను తప్పు చెప్పలే సార్. నా కొలువు కోసం అది అబద్ధం చెప్పింది. గా ఒక్కరు గిదే."

మూత తీసింది.

తెర మీద పిల్ల మాయమైంది. ఆ పిల్ల ఉన్నచోట అరవై మూడు చుక్కలు ఒక్కసారిగా వెలిగాయి. ఇన్నాళ్ళూ స్టీలు లోపల మూగపడి ఉన్న గింజలన్నీ ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోవడంతో, ఆ నీడ సీసాలదని యంత్రానికి తెలిసిపోయింది. ఎవరూ అడగకుండానే కెజియా వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. ప్రతి చుక్కనుంచీ అది వచ్చిన దారి గీతగా బయల్దేరింది. ఏడో మంచానికొకటి, రెండో మంచానికొకటి, అక్కణ్ణుంచి గేటు దాటి ఊళ్ళ మందుల షాపులకు. ప్రతి గీతా ఆగిపోయిన ఒక గుండె మీదుగా వచ్చింది. తర్వాత ఆమె వెళ్ళిపోయినవాటిని కూడా పిలిచింది. ఈ పదహారు నెలల్లో ఆ డబ్బాలోంచి తీసి వాడేసిన సీసాలు నూట డెబ్బై ఒకటి. అవి చేరిన మంచాల మీద సన్నగిల్లి, సన్నగిల్లి, ఇక ఆగిపోతాయనగా మళ్ళీ అందుకున్న గుండెలు ఇరవై తొమ్మిది. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తెర మీద కొట్టుకోనిచ్చింది.

సువార్త తాను చేసిన పనిని అలా ఎన్నడూ చూడలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "గది పోసవ్వ," అంది ఒక గుండె కింది మంచం నంబరు, తారీకు చూసి. "గది చెన్నూరు పిలగాడు. వానికి మొన్న పెండ్లి గూడ అయింది."

సత్యవ్రత్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"సిస్టర్ గారూ," అన్నారు చివరికి, "నేను చూశాక చూడలేదని రాయలేను."

"రాయండి సార్. లెక్క కలిసిందని గూడ రాయండి."

ఆయన రెండూ రాశారు. డబ్బా సెంట్రల్ స్టోరుకు పోయింది. సువార్తకు మెమో ఇచ్చి, రిటైరయ్యేదాకా టీకాల గదిలో వేశారు. ఆ మెమో రాసిన కలంతోనే, పెన్షనుకు అడ్డు రాకూడదని కింద ఇంకో వాక్యం చేర్చారు. జాడ అన్ని ఆసుపత్రులకూ మంజూరైంది. పేపర్లో కెజియా ఫోటో వచ్చింది. శుక్రవారం ఓదెలు లెక్క నాలుగు వందల మూడు, యంత్రం లెక్క నాలుగు వందల మూడు.

లెక్క అంత చక్కగా కలిసిన రోజున కెజియాకు క్యాజువాల్టీ నీడల్లోకి చూడబుద్ధి కాలేదు. అక్కడ ఎవరి ఒళ్ళోనూ పిల్ల లేదు.

తొమ్మిది వారాలు అలాగే గడిచాయి. పత్తి ఏరే రోజులొచ్చాయి. ఒక బుధవారం పొద్దున పదిన్నరకు టేకం భీంబాయి అనే ఆమెను పాము కాటుతో తెచ్చి నాలుగో మంచం మీద పడుకోబెట్టారు. కెజియా తెర మీద ఆమె గుండె చూసింది. అదే తెర మీద, అరవై గజాల అవతల, స్టోరు ఫ్రిజ్‌లో విరుగుడు మందు చుక్కలు పది వెలుగుతున్నాయి. సంతకం చెయ్యాల్సిన నీడ ఇంకో భవనంలో ఉంది. కెజియా ఫోను చేసింది, పరుగెత్తింది, గట్టిగా అరిచింది కూడా. చుక్కలు కదిలేటప్పటికి ఇరవై ఆరు నిమిషాలైంది. అవి వరండా మలుపు తిరుగుతుండగా నాలుగో మంచం మీద అదురు ఆగింది. రెండూ ఒక్క తెర మీదే కనిపించాయి. ఇంత స్పష్టంగా చూడగలిగే యంత్రం ప్రపంచంలో ఇంకోటి లేదు, దాన్ని చేసింది తనే. ఆ రోజు ఆమె గదిలోంచి బయటికి రాలేదు.

పది సీసాలూ, ఆమె కోసం తెచ్చిన సెలైన్ సీసాలూ నాలుగో మంచం పక్కనే ఉండిపోయాయి. సాయంత్రం అయిదింటికి ఒక్కొక్కటే మూగపోయాయి.

మర్నాడు పొద్దున ఓదెలు లెక్క తెచ్చాడు. మూడు వందల ఎనభై ఎనిమిది. యంత్రం మూడు వందల ఎనభై తొమ్మిది అంది.

కెజియా క్యాజువాల్టీని దగ్గరికి తెచ్చుకుంది. ఇన్‌ఛార్జి బల్ల దగ్గర కూర్చున్న నీడ అమ్మ స్థానంలో వచ్చిన దేవమ్మది. అమ్మకు మెమో వచ్చిన రోజు భయంతో ఏడ్చిన మనిషే ఆ దేవమ్మ. ఆమె ఒళ్ళో చిన్న నీడ ఉంది. ఆమె గుండెతో కలిసి కొట్టుకుంటోంది. పక్కన బరువు పడింది, మూడు కిలోలు.

తేడా వచ్చినప్పుడు యంత్రం ఒక ప్రశ్న అడుగుతుంది. లెక్క సరిచేయాలా, ఉన్నదే సరైనదా అని. కెజియా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఉన్నదే సరైనదని నొక్కింది. ఓదెలు తెచ్చిన కాగితం తీసుకుని చివరి ఎనిమిదిని కొట్టేసి తొమ్మిది రాసింది. ఓదెలు ఆ అంకె వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"నేనే ఒకర్ని మర్సిపోయిన్నేమో మేడం," అన్నాడు, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

టీకాల గదిలో సువార్త ఎవరి బిడ్డకో తొడ మీద దూది అద్దుతోంది. బిడ్డ ఏడుపు మానేదాకా కెజియా గుమ్మంలో నిలబడింది. తల్లి బిడ్డను తీసుకుని వెళ్ళాక దగ్గరికి వెళ్ళి, చిన్నగా అంది.

"అమ్మా, క్యాజువాల్టీల మల్ల ఒకరు ఎక్కువున్నరు."

సువార్త సూది పారేసి, చేతులు కడుక్కుని, తువ్వాలతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"ఎంతుంది?"

"మూడు కిలోలు."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎన్ని వేలమంది తల్లులకు చెప్పిందో ఆ మాట, అదే గొంతుతో ఇప్పుడూ చెప్పింది.

"మంచి బరువే బిడ్డా. బతుకుతది."